అండమాన్‌లో యాట్‌కి డీజిల్, గ్యాస్ బండ సంగతి, పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ నుంచి చెప్తున్నా

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ కదా. సింగపూర్‌లో ఉద్యోగం, 36 అడుగుల సెకండ్‌హ్యాండ్ సెయిలింగ్ యాట్ కొన్నావు, జనవరిలో నువ్వూ మీ ఆవిడా ఫుకెట్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి నెల రోజులు దీవులు తిరిగి వైజాగ్ పోదామని ప్లాను, ట్యాంకు 150 లీటర్లే, థాయ్ గ్యాస్ బండ ఒక్కటే ఉంది, ఇక్కడ రెండూ దొరుకుతాయా, పడవని నేరుగా పంపు దగ్గరకే తెచ్చి కట్టొచ్చా అని. వయసులో నాకన్నా చిన్నవాడివే అయ్యుంటావని నువ్వు అంటున్నా, ఏమనుకోకు. మాది సోంపేట వైపు, మా నాన్న చేపల పని మీద ఇక్కడికొచ్చి జంగ్లీఘాట్‌లోనే ఉండిపోయాడు, నేను చేపల బోట్ల మీద ఇంజిన్ పని నేర్చుకుని ఇరవై ఏళ్లు దాటింది, సీజన్లో వచ్చే ఫారిన్ యాట్లకి డీజిల్ మోసిపెట్టడం, ఇంపెల్లర్లు (ఇంజిన్ చల్లబరిచే నీళ్ల పంపులో రబ్బరు చక్రాలు) మార్చడం లాంటివి కూడా చేస్తుంటా.

ఏటంటే ఇక్కడ డీజిల్‌కి కరువేం లేదు. ఈ దీవుల్లో కరెంటులో ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లతోనే వస్తుంది, కాబట్టి ఏది ఆగినా డీజిల్ ఓడ ఆగదు. పైగా పన్ను తక్కువ కాబట్టి దేశంలో చవగ్గా దొరికే చోట్లలో ఇదొకటి, హైదరాబాద్‌లో పెట్రోలు వంద దాటి ఎన్నాళ్లయిందో నీకు తెలుసు కదా, ఇక్కడ దాటలేదు. కష్టమంతా పంపు నుంచి నీ పడవ దాకా ఉన్న ఆ కాస్త దూరంలోనే ఉంది. ఫుకెట్‌లోలాగా మెరీనా, అంటే యాట్లు కట్టేసుకునే రేవు, జెట్టీ మీదే పంపు, గొట్టం లాగి పోయించుకోవడం ఇక్కడ లేదు. పోర్ట్ కంట్రోల్ వాళ్లు చెప్పిన చోట యాంకర్ వేసి, డింగీలో, అదే యాట్‌తో ఉండే చిన్న పడవలో, ఖాళీ క్యాన్లు వేసుకుని ఒడ్డుకొచ్చి, ఆటో మాట్లాడుకుని రోడ్డు మీద బంకుకి వెళ్లి, నింపుకుని మళ్లీ అదే దారిలో తిరిగి రావాలి. అంతే, ఇంకో దారి లేదు. రెండు వందల లీటర్లంటే వినడానికి చిన్నమాటే, 20 లీటర్ల క్యాన్లు పది, ఒక్కోటి 17 కేజీల దాకా తూగుతుంది, పాచి పట్టిన జెట్టీ మెట్ల మీద ఒక్కో చేతిలో ఒకటి పట్టుకుని దిగినప్పుడు తెలుస్తుంది దాని సంగతి.

అందుకే నా మొదటి సలహా, ఇక్కడ కొనాల్సింది వీలైనంత తగ్గించుకుని రా. లెక్క చూడు. ఫుకెట్ నుంచి ఇక్కడికి దాదాపు 400 నాటికల్ మైళ్లు. నీ సైజు పడవలో ఉండే 30 హార్స్‌పవర్ ఇంజిన్ మామూలు స్పీడులో గంటకి రెండున్నర నుంచి మూడు లీటర్లు తాగుతుంది, అయిదు నాట్ల (గంటకి అయిదు నాటికల్ మైళ్లు) లెక్కన 400 మైళ్లకి 80 గంటలు, మొత్తం ఇంజిన్ మీదే వస్తే 200 లీటర్ల పైనే. కానీ జనవరిలో ఈశాన్యం గాలి నీకు కుడిపక్క నుంచి చక్కగా తగుల్తుంది, తెరచాప మీదే వచ్చేస్తావు, హార్బర్లోకి రావడానికీ బ్యాటరీ చార్జింగ్‌కీ తప్ప ఇంజిన్ పెద్దగా వెయ్యక్కర్లేదు. అసలు చూసుకోవాల్సింది తిరుగు ప్రయాణం. ఇక్కణ్ణుంచి వైజాగ్‌కి 650 మైళ్ల దాకా ఉంది, నువ్వు బయల్దేరేది ఫిబ్రవరి చివర అయితే గాలి పడిపోతూ ఉంటుంది, మార్చి అయితే సముద్రం నూనె పోసినట్టు ఉండే రోజులు కూడా వస్తాయి. ఆ 650లో సగం ఇంజిన్ మీద పోవాల్సొచ్చినా 65 గంటలు, అంటే 200 లీటర్లు మళ్లీ. నీ ట్యాంకు చాలదు. కాబట్టి ఫుకెట్‌లోనే ట్యాంకు నిండా పోయించుకుని, మంచి క్యాన్లు పది అక్కడే కొనుక్కుని వాటినీ నింపుకుని రా, ఇక్కడ వాడిందాన్ని మాత్రం పూడ్చుకో. క్యాన్లు అక్కడే ఎందుకంటే మూత దగ్గర రబ్బరు సరిగ్గా ఉన్న క్యాన్ ఇక్కడ వెతుక్కోవాలి, మా బోట్లవాళ్లు వాడేవి వంటనూనె డబ్బాలూ కెమికల్ డబ్బాలూ, వాటి మూత మీద నాకు నమ్మకం లేదు.

ఇక్కడికి రాగానే కస్టమ్స్‌కి ఇచ్చే స్టోర్స్ లిస్టులో, అంటే పడవలో ఉన్న సరుకుల జాబితాలో, ట్యాంకులో ఎంత, క్యాన్లలో ఎంత, గ్యాస్ బండలు ఎన్ని అన్నది ఉన్నదున్నట్టు రాయి. నువ్వు ఇండియన్ పాస్‌పోర్టువాడివే అయినా పడవ జెండా విదేశీది, ఇమిగ్రేషన్, కస్టమ్స్, కోస్ట్ గార్డ్, హార్బర్ మాస్టర్ అందరూ పడవెక్కి చూస్తారు. సందర్భం వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తా, శాటిలైట్ ఫోన్ ఉంటే ముందే చూపించు, పర్మిషన్ లేని శాటిలైట్ ఫోన్ మన దేశంలో పెద్ద తలనొప్పి, డీజిల్ గొడవ దాని ముందు ఎంత. ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు, కాగితాల మీద అలా కనపడితే కంగారుపడకు, మేమంతా ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటాం.

బంకు దగ్గర సంగతి. పెట్రోలియం చట్టంలో ఇంధనాల్ని తరగతులుగా విడగొట్టారు, డీజిల్‌ని క్లాస్ బి కింద లెక్కేస్తారు, దాని ప్రకారం 2,500 లీటర్ల దాకా లైసెన్స్ లేకుండా పెట్టుకోవచ్చు, నీ 200 లీటర్లకి చట్టంతో ఇబ్బంది లేదు. అయినా క్యాన్లు పది వరసగా పెడితే పంపు కుర్రాడు "ఎందుకు, ఎవరికి" అని అడుగుతాడు, అడగాలి కూడా. పడవ రిజిస్ట్రేషన్ కాపీ, పోర్ట్ వాళ్లిచ్చిన కాగితం కాపీ జేబులో పెట్టుకుని వెళ్లు, ముందురోజు సాయంత్రం ఖాళీ చేతుల్తో వెళ్లి మేనేజర్‌తో రెండు ముక్కలు మాట్లాడి రా, మర్నాడు పని పది నిమిషాల్లో అయిపోద్ది. నేను చూసినంతలో నేరుగా క్యాన్లతో దిగినవాళ్లే గంటలకొద్దీ నిలబడ్డారు. ఇక్కడ తెలుగు నడుస్తుంది, 2011 లెక్కల్లోనే ఈ దీవుల్లో తెలుగువాళ్లు 50 వేల మంది దాకా ఉన్నారు, శ్రీకాకుళం యాసలో మాట్లాడితే ఎవడో ఒకడు "ఏ ఊరు బావా" అంటాడు. డబ్బులు ఫోన్లోంచి కొట్టొచ్చు, 2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక నెట్ బాగుపడింది, కానీ పైన ఉత్తరాన దిగ్లీపూర్ వైపు పోతే మాత్రం నోట్లు దగ్గర పెట్టుకో.

డింగీ వెనక తగిలించే చిన్న ఇంజిన్‌కి, అదే ఔట్‌బోర్డుకి, పెట్రోలు వేరే కథ. అది క్లాస్ ఎ, 30 లీటర్ల దాకానే లైసెన్స్ అక్కర్లేదు, ప్లాస్టిక్ సీసాల్లో అసలు పొయ్యరు, దానికి లోహపు క్యాన్ తెచ్చుకో. నీకు నెలకి పది లీటర్లు చాలు. వైజాగ్‌లో పోయించుకుంటే గుర్తుపెట్టుకో, మెయిన్‌ల్యాండ్‌లో ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, అది గాల్లో తడి లాగేస్తుంది, క్యాన్లో నెలల తరబడి ఉంచకు, లేకపోతే కార్బురేటర్ విప్పుకుంటూ కూర్చోవాలి.

మోసే టైము కూడా చూస్కో. ఇక్కడ పౌర్ణమికీ అమావాస్యకీ పోటు పాట్లకి రెండు మీటర్ల తేడా వస్తుంది, పాటు మీద వెళ్తే డింగీలోంచి జెట్టీ అంచు నీ తలకన్నా ఎత్తున ఉంటుంది, మెట్ల మీద పాచి. పోటు సగం ఎక్కినప్పుడు మొదలుపెట్టు. మన టైము ప్రకారం ఇక్కడ పొద్దున్న అయిదింటికే వెలుగు, చలికాలంలో సాయంత్రం అయిదున్నరకి చీకటి, కాబట్టి మధ్యాహ్నం భోజనం చేసి మెల్లగా పోదాంలే అనుకుంటే ఆఖరి ట్రిప్పు చీకట్లో పడుతుంది. మడ అడవుల పక్క నీళ్లలోకి దిగి క్యాన్లు నెట్టుకుంటూ రావడం లాంటి తెలివితేటలు వద్దు, ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లు నిజంగానే ఉన్నాయి, 2010లో హేవ్‌లాక్ దీవిలో ఈతకి దిగిన ఒక టూరిస్టు ప్రాణం పోయింది.

ఇక డీజిల్ శుభ్రం గురించి, ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది కాబట్టి కాస్త ఎక్కువే చెప్తా. చాలా ఏళ్ల కిందట పైన ఒక చిన్న దీవిలో బంకు దాకా పోవడం బద్ధకమై ఒకాయన షెడ్డులో డ్రమ్ము లోంచి 60 లీటర్లు పోయించుకున్నా. రంగు బాగానే ఉంది, వాసన బాగానే ఉంది. రెండు గంటలు నడిచింది ఇంజిన్. రెండు దీవుల మధ్య సందులో, ప్రవాహం మంచి జోరు మీద ఉన్నప్పుడు, ముందు చప్పుడు మారింది, ఆయాసపడుతున్న మనిషిలాగ, తర్వాత ఆగిపోయింది. ఫిల్టర్ కింద గాజు గిన్నె చూస్తే అడుగున వేలెడంత నీళ్లు, దాని పైన తుప్పు రంగు బురద, ఆ పైన డీజిల్, మూడు పొరలు గీత గీసినట్టు కనపడుతున్నాయి. యాంకర్ వేసి ఫిల్టర్ మార్చి డీజిల్ పైపులో చేరిన గాలి తీసి మళ్లీ స్టార్ట్ చేసేసరికి ముప్పావు గంట, అంతలో పడవ రాళ్ల వైపు ఎంత జరిగిందో నాకు తెలుసు.

అప్పట్నుంచి మా బోట్లవాళ్లు చేసే పరీక్ష ఒకటి మానను. తెల్లటి నీళ్ల సీసా ఒకటి ఖాళీది తీసుకుని, క్యాన్ నింపాక అడుగు నుంచి సైఫన్ గొట్టంతో సీసాలోకి సగం తీసి, నీడలో పెట్టి ఒక టీ తాగి రా. సీసా అడుగు చూడు. నీళ్లుంటే గుండ్రటి బొట్లుగా అడుగున దొర్లుతుంటాయి, సీసా కాస్త వంచితే పాదరసంలాగ కదుల్తాయి. ఒక్క బొట్టు కనపడినా ఆ క్యాన్‌ని ట్యాంకులో పొయ్యకు, రాత్రంతా కదలకుండా పెట్టి మర్నాడు పైనుంచి మూడొంతులు మాత్రం తీసుకో. ట్యాంకులో పోసేటప్పుడు నీళ్లు ఆపే మెష్ ఉన్న గరాటా వాడు, ఇత్తడి సైఫన్ ఉంటుంది చూడు, లోపల గోలీ ఉండేది, ఊపితే పారుతుంది, అది ఫుకెట్‌లో తెచ్చుకో, నోటితో పీల్చే పని తప్పుతుంది. ఫిల్టర్లు కనీసం నాలుగు స్పేరు పెట్టుకో, నీ మోడల్‌వి ఇక్కడ దొరకవు, చెన్నై నుంచి తెప్పిస్తే ఎన్ని రోజులో దేవుడికెరుక. ఇంకోటి, చేపల బోటువాడు సముద్రంలో పక్కకొచ్చి డీజిల్ చవగ్గా ఇస్తానంటే తీసుకోకు. అది ఎక్కువసార్లు సబ్సిడీ సరుకు అయ్యుంటుంది, వాడికీ కేసే, నీకూ కేసే.

హేవ్‌లాక్‌లో, అదే స్వరాజ్ ద్వీప్‌లో బంకు ఉంది గానీ ఓడ రెండు రోజులు లేటయితే ముందు ఎండేది అదే, దాని మీద ప్లాను కట్టుకోకు. రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్ వైపు కూడా దొరుకుతుంది. నా మాట వింటే మొత్తం పని పోర్ట్ బ్లెయిర్‌లోనే, వచ్చిన రెండో రోజే కానిచ్చెయ్, ఆఖరి రోజుకి పెట్టుకోకు, ఆఖరి రోజు క్లియరెన్స్ కాగితాలకే సరిపోతుంది.

ఇప్పుడు గ్యాస్. దీన్లోనే అందరూ పొరపాటు చేస్తారు. నీ థాయ్ బండ ఇక్కడ నింపించుకోవచ్చా అంటే, లేదు. వాళ్లది చేత్తో తిప్పే వాల్వు, మనది నొక్కితే లోపలికి పోయే 22 మిల్లీమీటర్ల వాల్వు, ఏజెన్సీవాళ్లకి నింపే పనే లేదు, వాళ్లు నిండు బండ ఇచ్చి ఖాళీ బండ తీసుకుంటారు అంతే. లైసెన్స్ లేకుండా ఒక బండలోంచి ఇంకో బండలోకి గ్యాస్ దింపడం 2016 గ్యాస్ సిలిండర్ రూల్స్ ప్రకారం నేరం. "మా వాడున్నాడు, ఒక బండ తలకిందులుగా కట్టి నీదాంట్లోకి దింపేస్తాడు" అని ఒకడు తప్పకుండా చెప్తాడు నీకు. వద్దు. రూలు సంగతి పక్కన పెట్టు, బండలో 80 శాతానికి మించి ద్రవం ఉండకూడదు, మిగతాది వేడికి ఉబ్బడానికి వదలాలి, తలకిందులుగా కట్టి దింపేవాడి దగ్గర తూకం ఉండదు, చెవి దగ్గర పెట్టి వింటాడు. ఆ బండ మధ్యాహ్నం ఎండలో నీ డెక్కు మీద ఉంటే ఏమవుతుందో ఆలోచించు. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోయేది కాదు, మెల్లగా జారి పడవ అడుగున బిల్జిలో కూర్చుంటుంది, బిల్జి పంపు స్విచ్చు వేసిన క్షణం ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంట్లో అయితే కిటికీ తీస్తాం, పడవకి అడుగున కిటికీ ఉండదు కదా.

చెయ్యాల్సింది ఇది. ఇండేన్ ఏజెన్సీలో 5 కేజీల చిన్న బండ, ఛోటు అంటారు, అది అడుగు. దానికి ఇంటి అడ్రసు ప్రూఫ్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు, నీ పాస్‌పోర్టో ఆధారో. 14.2 కేజీల ఇంటి బండ నీకు రూలు ప్రకారం కనెక్షన్ లేకుండా రాదు, ఎవరిదో అడిగి తెచ్చుకున్నా పడవలో గ్యాస్ బండ పెట్టే అర, అదే నీ లాకర్‌లో పట్టదు, దాని వెడల్పే ఒక అడుగుకి మించి ఉంటుంది, నిండుగా ఉంటే 30 కేజీల బరువు. అయిదు కేజీలు ఇద్దరికి ఎన్నాళ్లు అంటే, రోజుకి 150 గ్రాములు లెక్కేసుకో, నెల దాటుతుంది. పప్పు కుక్కర్లో పెట్టి, ఇడ్లీలు ఆదివారానికి పరిమితం చేస్తే ఇంకా వస్తుంది. పైగా అదే బండ వైజాగ్‌లోనో కాకినాడలోనో ఇండేన్ డీలర్ దగ్గర మార్చుకోవచ్చు, దేశం వదిలేటప్పుడు తిరిగిచ్చేస్తే కొంత డబ్బు వెనక్కి వస్తుంది. ఒక్కటే జాగ్రత్త, గ్యాస్ కూడా మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడల్లోనే రావాలి, తుఫాను పట్టి ఓడలు ఆగినప్పుడు మా ఇళ్లలోనే బుకింగ్ చేసి ఎదురుచూస్తాం, కాబట్టి డీజిల్‌కంటే ముందు దీని పని చూడు. ఆదివారం, సెలవులు ఏజెన్సీ మూత.

బండ తీసుకునేటప్పుడు నాలుగు చూస్కో. పైన పిడి దగ్గర లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు రాసుంటాయి, అది మళ్లీ టెస్టు చెయ్యాల్సిన గడువు, ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలాగ డి దాకా, అంకెలు సంవత్సరం. గడువు దాటింది ఇస్తే తీసుకోకు. ఖాళీ బరువు కూడా అక్కడే కొట్టి ఉంటుంది, కాటా మీద పెట్టించి లెక్క చూస్కో. తెల్ల మూత నైలాన్ దారంతో కట్టి ఉందా చూడు. మూత తీశాక వాల్వు లోపల చిన్న నల్ల రబ్బరు రింగు ఉంటుంది, వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది, అది చిట్లినా గట్టిపడినా రెగ్యులేటర్ ఎంత బాగా పెట్టినా చీదుతుంది. ఇక్కడ ఉప్పుగాలికి అదే ముందు పోతుంది. మా ఆవిడ అయితే బండ తెచ్చిన కుర్రాడి ముందే సబ్బునీళ్లు పోసి బుడగలు రాలేదని చూశాకే పంపిస్తుంది, నువ్వూ అలాగే చెయ్.

రెగ్యులేటర్ ఆ ఏజెన్సీలోనే ఐఎస్ఐ మార్కుది కొను, దాంతోపాటు నారింజ రంగు సురక్ష ట్యూబు ఒకటిన్నర మీటరు, రెండు స్టీలు క్లిప్పులు. మన ఇంటి రెగ్యులేటర్ ఇచ్చే ప్రెషర్ 30 మిల్లీబార్ల దగ్గర, యూరప్ పడవల స్టవ్‌లు చాలావాటికి కూడా అంతే, అందుకే ఇది కుదిరిపోతుంది. కాకపోతే నీ పడవ లాకర్లో ముందే ఒక రెగ్యులేటర్ గోడకి బిగించి ఉంటుంది, చాలామంది మన రెగ్యులేటర్ తర్వాత దాన్ని కూడా అలాగే ఉంచేస్తారు, అప్పుడు మంట గుడ్డిదీపంలాగ వచ్చి "మీ ఇండియా గ్యాసు బాలేదు" అంటారు. ఒక ఫ్రెంచ్ జంట సరిగ్గా ఈ మాటే అన్నారు నాతో, వాళ్ల దగ్గర ఆ చిన్న నీలం బండలు మూడూ అయిపోయి రెండు రోజులుగా బ్రెడ్డూ అరటిపళ్లే తింటున్నారు. పాత రెగ్యులేటర్ దాటించి, దాని తర్వాత ఉండే లైనుకి మన ట్యూబు కలిపితే నీలిమంట వచ్చింది, ఆవిడ ముందు కాఫీ పెట్టింది, ఆ తర్వాతే థాంక్యూ చెప్పింది. బండ మాత్రం లాకర్లోనే నిలబెట్టి తాడుతో కట్టాలి, లాకర్ అడుగున నీళ్లు బయటికి పోయే కన్నం మూసుకుపోలేదని చూడాలి, లాకర్లో పట్టకపోతే వెనక రెయిలింగుకి బయట కట్టుకో, క్యాబిన్లోకి మాత్రం తేకు.

బ్యాకప్ కింద ఫుకెట్ నుంచి ఒక పోర్టబుల్ స్టవ్, స్ప్రే డబ్బాల్లాగ ఉండే బ్యూటేన్ క్యాన్లు ఎనిమిదో పదో తెచ్చుకో, అక్కడ సూపర్ మార్కెట్లలోనే దొరుకుతాయి. అవి ఉప్పుగాలికి అంచుల్లో తుప్పుపట్టి చీదుతాయి కాబట్టి వాటి చోటు కూడా గ్యాస్ లాకరే, వంటగది అల్మరా కాదు, స్టోర్స్ లిస్టులో వాటినీ రాయి.

ఫుకెట్‌లో బయల్దేరేముందు ఒక పని చెయ్, నీ స్టవ్ వెనకో ఓవెన్ తలుపు లోపలో చిన్న రేకు ప్లేటు అంటించి ఉంటుంది, దాని మీద ఎన్ని మిల్లీబార్లు అని రాసుందో, లాకర్లో రెగ్యులేటర్ తర్వాత పైపు లావు ఎంతో, లాకర్ వెడల్పు ఎంతో కొలిచి ఫొటోలతో ఇక్కడ పెట్టు. ప్లేటు మీద 30 కాకుండా 50 అని ఉంటే మాత్రం బండ కొనకముందే చెప్పు, అప్పుడు మన రెగ్యులేటర్ సరిపోదు.